వాతావరణ సేవాదళాలన్నింటికీ రాష్ట్రమంతటా ఒకే పంచాంగం ఉంటే మన జిల్లాలకు ఒరిగేదేమిటి?

ఆమదాలవలస మాస్టారు
ఆదివారం, ఉదయం 7:10

సభ్యులందరికీ నమస్కారం. నేనొక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ, తొమ్మిదేళ్లుగా అక్కడి ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ బాధ్యత కూడా చూస్తున్నాను. కిందటేడాది శ్రావణమాసంలో యాభై మంది పిల్లలను వెంటబెట్టుకుని గార మండలంలో ఒక తీరగ్రామానికి సరుగుడు నాటడానికి వెళ్లాము. ఇసుకలో గుంతలు తీస్తుంటే గునపాలకు నల్లటి ప్లాస్టిక్ సంచులు తగిలాయి. పైకి లాగి చూస్తే అవి అంతకుముందు ఏడాది ఎవరో నాటి వెళ్లిన సరుగుడు మొక్కలు. సంచి చింపకుండానే పాతిపెట్టడం వల్ల వేళ్లు లోపలే చుట్టుకుని జడలా బిగుసుకుపోయి, మొక్క జానెడు కూడా ఎదగకుండా ఎండిపోయింది. మేము వాటిని ఏరి కుప్పపోస్తుండగా మధ్యాహ్నం మరో బస్సు వచ్చి ఆగింది. అందులోంచి దిగినవారు కూడా మొక్కలతోనే, అదే ఇసుకలో నాటడానికే వచ్చారు. వారికీ బ్యానరు ఉంది, మాకూ బ్యానరు ఉంది. ఊరివాళ్లు రెండింటినీ మార్చి మార్చి చూసి నవ్వుకున్నారు.

ఆ రోజు నుంచి నన్ను వేధిస్తున్న ప్రశ్ననే ఇక్కడ ఉంచుతున్నాను. మొక్కలు, చెరువులు, తుపాను సాయం వంటి పనులు చేసే సేవాదళాలకు మన దగ్గర కరువు లేదు. 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ ఉంది, ఎన్‌సీసీ ఉంది, 2001-02 నుంచి పాఠశాలల్లో జాతీయ హరిత దళం ఉంది, విపత్తుల్లో సాయపడేందుకు ఊరివాళ్లకు శిక్షణ ఇచ్చే ఆపద మిత్ర 2016 నుంచి ఉంది, యువతను సేవకు చేర్చే కేంద్ర ప్రభుత్వ వేదిక మై భారత్ 2023 అక్టోబరు 31 నుంచి ఉంది, ప్రకృతి సేద్యం నేర్పే కార్యకర్తలు, మహిళా స్వయం సహాయక సంఘాలు ఉన్నాయి. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఒక్కో స్వచ్ఛంద సేవకుడు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి. వంద మంది ఉన్న యూనిట్‌కు అది 12,000 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే 1,500 పనిదినాలు. ఇది ఒక్క కళాశాల లెక్క మాత్రమే. ఈ పనిదినాలన్నీ ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ పనికి ఖర్చవుతున్నాయో ఒకరిది మరొకరికి తెలియదు.

రాష్ట్రస్థాయిలో వీటన్నింటినీ ఒక తాటి మీదికి తెస్తే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు నిజంగా మేలు జరుగుతుందా, లేక మరో కార్యాలయం మాత్రమే పుట్టుకొస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.


ఉద్దానం కోడలు
ఆదివారం, ఉదయం 9:45

మాస్టారూ, మీరు మొక్కలు నాటడం గురించి రాశారు. నేను చెట్లు పడిపోయిన తర్వాతి సంగతి రాస్తాను. మాది కవిటి మండలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా మామగారు వేసిన కొబ్బరితోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టవలసి వచ్చింది. ఆ తర్వాతి పది రోజుల్లో మా ఊరికి వచ్చిన సేవాసంఘాలకు, విద్యార్థి బృందాలకు నేను ఈనాటికీ దండం పెడతాను. వారు అన్నం పొట్లాలు, దుప్పట్లు, కొవ్వొత్తులు తెచ్చారు. కొందరు మా వాకిట్లోనే పడుకున్నారు. అయితే వచ్చిన వారిలో చెట్లు కోసే మిషను తెచ్చినవారు ఒక్కరూ లేరు.

కొబ్బరిచెట్టు పడిపోతే నష్టం ఆ చెట్టుతో ఆగదు. మొద్దును అలాగే వదిలేస్తే అది కుళ్లుతుంది, కుళ్లిన మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, అక్కడ పెరిగిన పురుగు ఎగిరివెళ్లి నిలిచి ఉన్న చెట్ల మొవ్వులనూ కొత్తగా వేసిన మొక్కలనూ తొలుస్తుంది. పురుగు తొలిచిన మొవ్వు విచ్చుకున్నప్పుడు ఆకును ఎవరో కత్తెరతో ఏటవాలుగా కోసి విసనకర్ర చేసినట్టు కనిపిస్తుంది; అలాంటి ఆకు కనిపించిందంటే ఆ మొక్క మీద ఆశ సగం తగ్గించుకోవలసిందే. కాబట్టి మాకు అన్నం ఎంత అవసరమో, మొద్దులను ముక్కలు చేసి తోటలోంచి బయటికి చేర్చే చేతులు అంతకంటే అవసరం, అదీ మొదటి పది రోజుల్లో కాదు, తర్వాతి మూడు నాలుగు నెలల్లో. అప్పటికి మా ఊరికి వచ్చేవారు ఎవరూ మిగల్లేదు. అందరూ ఒకేసారి వచ్చారు, ఒకేసారి వెళ్లిపోయారు. కూలి ఇచ్చి కోయించుకోగలిగినవారు కోయించుకున్నారు, మిగతావారి మొద్దులు తోటల్లోనే కుళ్లాయి.

మీరు చెప్పే సమన్వయం ఉంటే ఏమయ్యేదో నేను ఇలా ఊహించుకుంటాను. మొదటి వారం ఎవరు, రెండో నెల ఎవరు, మిషన్లు ఎవరి దగ్గర ఉన్నాయి, వాటిని నడపడం వచ్చినవారు ఎవరు అన్నది ముందే రాసిపెట్టి ఉంటే, గోదావరి జిల్లాల కొబ్బరి రైతుల దగ్గర పని తెలిసిన పిల్లలు కార్తికమాసంలో మా తోటలకు వచ్చేవారు. కోనసీమకు తుపాను తగిలితే మా పిల్లలు అక్కడికి వెళ్లేవారు. జిల్లా దాటి ఆలోచించవలసిన కారణం నాకు అదొక్కటే కనిపిస్తోంది: తుపాను తగిలిన జిల్లాలో సాయం చేయవలసినవాడే సాయం అడిగే స్థితిలో ఉంటాడు.

2019లో మేము మళ్లీ వేసిన దేశవాళీ మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. మధ్యలో పురుగుకు పోయినవి ఎన్నో నేను లెక్క రాసుకోలేదు, రాసుకుంటే నిద్ర పట్టదు.


విజయనగరం పద్దు
ఆదివారం, ఉదయం 11:20

ఇద్దరి మాటలూ చదివాను. నొప్పి నిజమే, కానీ మందు మీద నాకు అనుమానం. నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. 1997లో జన్మభూమి పేరున ఊరూరా శ్రమదానం జరిగినప్పుడు రాళ్లు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ తర్వాత ఆ పని లెక్కలు సరిచూసినవాళ్లలోనూ ఉన్నాను. మోసిన రాళ్లకు లెక్క ఉండేది, ఆ రాళ్లు వేసిన గట్టు మరుసటి ఏడాది ఉందా లేదా అన్నదానికి లెక్క ఉండేది కాదు.

సమన్వయం అనగానే మన దగ్గర జరిగేది ఏమిటంటే, ఒక నోడల్ అధికారి, ఒక వెబ్‌సైటు, ఒక యాప్, నాలుగు వాట్సాప్ గ్రూపులు పుడతాయి. కిందిస్థాయిలో పనిచేసే మనిషి అంతవరకు ఒక్క పైఅధికారికి ఫొటో పంపేవాడు, ఇకమీదట అదే ఫొటోను ఐదుగురికి పంపుతాడు. మొక్క నాటేవాడి సమయంలో సగం మొక్క పక్కన నిలబడి ఫొటో దిగడానికే పోతుంది. మాస్టారు చెప్పిన 12,000 గంటల్లో ఎన్ని గంటలు బస్సులోనూ ఫొటోలోనూ పోయాయో కూడా ఎవరైనా లెక్క కట్టాలి.


వంశధార గట్టు
ఆదివారం, మధ్యాహ్నం 3:05

పద్దుగారి సందేహంలో న్యాయం ఉంది. కానీ నీటి పనుల్లో సమన్వయం లేకపోతే జరిగే హాని ఫొటోల హాని కంటే చాలా పెద్దదని, నీటిపారుదల శాఖలో జీవితమంతా గడిపినవాడిగా చెప్పవలసి ఉంది.

మన రెండు జిల్లాల్లో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పైచెరువు నిండి పొర్లిన నీరు గెడ్డ (వాగు) ద్వారా కిందిచెరువుకు చేరుతుంది. నేను ఉద్యోగంలో ఉండగా ఒక సంస్థవారు మంచి మనసుతోనే వచ్చి ఒక పైచెరువు పొర్లుకట్టను శుభ్రం చేశారు, దాని కింద పూడిపోయిన కాలువను విద్యార్థులచేత చక్కగా తవ్వించారు. పని చూడముచ్చటగా ఉంది. కానీ కిందిచెరువు గట్టు బలహీనంగా ఉందని, అక్కడి మదుము (తూము) తలుపు తుప్పుపట్టి కదలడం లేదని వారికి ఎవరూ చెప్పలేదు. అంతవరకు రెండు రోజుల్లో దిగే నీరు ఆ ఏడాది ఒక్క రాత్రిలో దిగింది. గట్టు తెగి వరిచేల మీద ఇసుక మేట వేసింది. గొలుసుకట్టు చెరువుల్లో పని ఎప్పుడూ కిందినుంచి పైకి రావాలి. ఇది మా శాఖలో కొత్తగా చేరినవాడికి మొదటి నెలలోనే నేర్పే పాఠం. గుర్రపుడెక్క విషయమూ అంతే. పైచెరువులో తీసినదాన్ని గట్టు మీద ఎండబెట్టకుండా నీళ్లలోకి తోసేస్తే, అది కొట్టుకొచ్చి కిందివాడి తూముకు అడ్డం పడుతుంది, పైగా కిందిచెరువులో కొత్తగా మొలుస్తుంది.

చెరువుకే ఇలా ఉంటే నదికి ఎలా ఉంటుందో ఆలోచించండి. నాగావళి ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా మన రాష్ట్రంలోకి వచ్చి, పార్వతీపురం మన్యం జిల్లాలో తోటపల్లి బ్యారేజీ దాటి, సంగం దగ్గర సువర్ణముఖిని, వేగవతిని కలుపుకుని, శ్రీకాకుళం పట్టణం మధ్యనుంచి సాగి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంశధార వరద కూడా గుణుపురం ఎగువన కురిసిన వానలోంచి వస్తుంది. గొట్టా బ్యారేజీ దగ్గర హెచ్చరిక జారీ అయ్యేసరికి దిగువ ఊళ్లకు మిగిలేది కొద్ది గంటలే. ఎగువన వాలులో మట్టిని ఆపే కందకాలు తీసే బృందానికి, దిగువన గట్ల మీద పహరా కాసే బృందానికి ఒకరి ఫోను నంబరు మరొకరి దగ్గర ఉండకపోతే ఇద్దరూ చేసే పని సగమే. జిల్లా సరిహద్దు నదికి తెలియదు. అందుకే ఈ పని జిల్లాకొక కమిటీతో తీరేది కాదు, రాష్ట్రం తన చేతిలోకి తీసుకుని ఒడిశాతో కూడా మాట్లాడవలసినది.


రాజాం వాసి
సోమవారం, తెల్లవారుజామున 5:30

నేను రాజాంలో పుట్టి ప్రస్తుతం కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటోలో ఉంటున్నాను. మా ఊరు నేను పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఇది సరదాకు చెప్పడం లేదు. మేము ఊరికోసం నడిపే చిన్న బృందంలో వలంటీర్ల జాబితా ఇప్పటికీ పాత జిల్లా వరుసలోనే ఉంది. కొత్త జిల్లావారికి మేము తెలియదు, పాత జిల్లావారు మమ్మల్ని వదిలేశారు.

ఇక్కడి సంగతి కొంత చెబుతాను. కాలిఫోర్నియా 2020లో రాష్ట్రస్థాయిలో వాతావరణ సేవాదళం ఒకటి పెట్టింది. అందులో చేరినవారు పదకొండు నెలలు పూర్తికాలం పనిచేస్తారు. చెట్లు పెంచడం, వృథా అయ్యే ఆహారాన్ని సేకరించి అవసరమైనవారికి చేర్చడం, కార్చిచ్చు తాకిడి తగ్గించడం వారి ముఖ్యమైన పనులు. నాకు నచ్చినది పనుల విభజన. ఎంపిక, శిక్షణ, భృతి రాష్ట్రం చూసుకుంటుంది. ఏ వీధిలో ఏ చెట్టు నాటాలన్నది స్థానిక సంస్థ నిర్ణయిస్తుంది. పని పూర్తిచేసినవారికి పైచదువుకు పనికొచ్చే ఆర్థిక సాయం కూడా అందుతుంది. రాష్ట్రం మొత్తానికి శిక్షణ ఒకటే కాబట్టి ఒక ఊళ్లో నేర్చుకున్నవాడు మరో ఊరికి వెళితే మళ్లీ మొదటినుంచి నేర్పనక్కరలేదు.

దీనికి పాత మూలం ఒకటి ఉంది. 1933 నుంచి 1942 వరకు అమెరికాలో నిరుద్యోగ యువకులతో ఒక పెద్ద అటవీ సేవాదళం నడిచింది. సుమారు 30 లక్షల మంది అందులో పనిచేసి 300 కోట్ల దాకా మొక్కలు నాటారు. అక్కడ కొత్త శాఖను పెద్దగా పెంచలేదు. యువకులను ఎంపిక చేయడం కార్మిక శాఖ పని, శిబిరాలు నడపడం సైన్యం పని, ఏ పని చేయాలో చెప్పడం వ్యవసాయ శాఖ, ప్రభుత్వ భూములు చూసే ఇంటీరియర్ శాఖల పని. ఎవరికి చేతనైనది వారు చేశారు. పద్దుగారు భయపడే కొత్త కార్యాలయం లేకుండా కూడా సమన్వయం సాధ్యమేనని చెప్పడానికి ఇదొక సాక్ష్యం.

వ్యతిరేక సాక్ష్యం కూడా దాచకూడదు. 2023 సెప్టెంబరులో ఇక్కడి కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఒక వాతావరణ సేవాదళాన్ని ప్రకటించింది, 2025 జనవరిలో అది ఆగిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సేవాకార్యక్రమాల కేంద్ర నిధులకు కూడా కోత పడింది, దాని దెబ్బ రాష్ట్రాలకూ తగిలింది. పైనుంచి వచ్చే డబ్బు మీదే నిలిచినవి ముందుగా కూలాయి. మనవాళ్లు ఎప్పుడైనా ఇలాంటిది తలపెడితే పంచాయతీలు, కళాశాలలు, సంఘాలు తమ కాళ్ల మీద తాము నిలబడేలా ఉంచి, రాష్ట్రం వాటి మధ్య వంతెనగా మాత్రమే ఉండాలని నా అభిప్రాయం.


నిర్వాహకులు
సోమవారం, ఉదయం 8:00

పార్టీల పేర్లతో వచ్చిన రెండు జవాబులను తొలగించాము. ఏ ప్రభుత్వంలో ఏ వలంటీర్లు ఏమి చేశారన్న చర్చకు వేరే శీర్షిక ఉంది.


చింతపల్లి తీరం
సోమవారం, రాత్రి 9:15

మాది పూసపాటిరేగ మండలం, మత్స్యకార కుటుంబం. ఆపద మిత్ర కింద పన్నెండు రోజులు శిక్షణ పొందినవాణ్ని. నీళ్లలో మునిగినవాడి ఛాతీ మీద నొక్కి ఊపిరి తెప్పించడం, ఖాళీ డబ్బాలు కట్టి తెప్ప చేయడం, తాళ్ల ముడులు, గాయానికి కట్టు కట్టడం బాగా నేర్పారు. కాబట్టి శిక్షణ మీద నాకు ఫిర్యాదు లేదు. నా బాధ జాబితా గురించి.

తుపాన్ల తేదీలు ఒకసారి చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. గులాబ్ ఒక్కటే కొంచెం తొందరపడి 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మా అమ్మ ఇప్పటికీ దసరా నెల వచ్చిందంటే బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించేస్తుంది. మరి ఆ నెలలో మా ఊళ్లో ఎవరుంటారు? శిక్షణ పొందిన మగపిల్లల్లో చాలామంది ఆగస్టులోనే గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళ్లిపోతారు, తిరిగి వచ్చేది వేసవికే. నేనూ రెండేళ్లు అలాగే వెళ్లాను. అంటే జాబితాలో పేరు పూసపాటిరేగలో ఉంటుంది, మనిషి అరేబియా సముద్రంలో ఉంటాడు. తుపాను వచ్చిన రోజున ఊళ్లో ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థులు. శిక్షణ ముందుగా ఇవ్వవలసింది మా అక్కచెల్లెళ్లకు. ఎక్కడెక్కడి కళాశాలల్లోనో చదువుతూ నవరాత్రులకు ఇల్లు చేరే పిల్లలను కళాశాల ఉన్న ఊరి జాబితాలో కాకుండా సొంత ఊరి జాబితాలో రాయాలి. విశాఖలో, విజయవాడలో చదివేవాడి పేరు మా ఊరి కాగితం మీదికి రావాలంటే రాష్ట్రస్థాయిలో ఎవరో ఒకరు ఆ రెండు జాబితాలనూ కలపాలి కదా. మాస్టారి ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఇంకొక మాట. సరుగుడును నీటి అంచుదాకా నాటవద్దని అందరికీ మనవి. జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా ఇసుకలోకి ఎక్కి గుడ్లు పెడతాయి. దట్టమైన సరుగుడు అడ్డొస్తే వాటికి గూడు తవ్వుకునే చోటుండదు. ఒకసారి మేము కొన్ని గూళ్ల చుట్టూ పుల్లలు పాతి గుర్తుపెట్టుకున్నాము. ఆ ఆదివారమే తీరం శుభ్రం చేసే బృందం ఒకటి వచ్చి, పుల్లలను చెత్త అనుకుని పీకి సంచుల్లో వేసుకుని, ఇసుకంతా దంతెలతో సాపు చేసి వెళ్లింది. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. తర్వాత ఆ గూళ్లు ఎక్కడున్నాయో మాకే తెలియలేదు.


గెడ్డ అవతల
మంగళవారం, ఉదయం 6:50

సాలూరు కొండల్లో ప్రకృతి సేద్యం నేర్పే కార్యకర్తను. నిన్నమొన్నటి దాకా మేమూ విజయనగరం జిల్లావాళ్లమే, ఇప్పుడు మన్యం జిల్లా. తీరం గురించి, చెరువుల గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను కొండవైపు కొంచెం చెబుతాను.

మా దగ్గరికి మొక్కలు తెచ్చే బృందాలు ఎక్కువగా రోడ్ల పక్కన పూలు పూసే చెట్లు తెస్తాయి. కొండమీది మనిషి అడిగేది చింత, పనస, ఉసిరి, జీడి, అడ్డాకు తీగ. తినడానికో అమ్ముకోవడానికో పనికొచ్చే చెట్టయితే వాళ్లే కాపాడుకుంటారు, కాపలా మనుషులు అక్కరలేదు. అయితే ఆ మొక్క జూన్‌లో కావాలంటే ఆ గింజ వేసవిలోనే ఏరాలి, నారుమడిలో పోయాలి. జూలైలో మొక్కలు కావాలని జూలైలో నర్సరీకి వెళ్లేవాడికి అక్కడ మిగిలినదే దొరుకుతుంది, అందుకే పూలమొక్కలు వస్తున్నాయి. తీరంలో సరుగుడు, పొన్న, మొగలి, మైదానంలో వేప, కానుగ, కొండమీద చింత, పనస అని ఏడాది ముందే అన్ని బృందాలూ కలిసి నారు చెప్పుకుంటే, మా మహిళా సంఘాలే పెంచి ఇస్తాయి. మాకు ఆ డబ్బూ వస్తుంది.

నీటి ఊటల సంగతి మరొకటి. వేసవిలో ఊట ఎండిపోతే మా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మరో కొండ ఎక్కాలి. ఊటకు ఎగువన వాలులో చిన్న చిన్న కందకాలు తీసి వాన నీటిని ఇంకిస్తే అది మరికొన్ని వారాలు నిలుస్తుంది. ఆ పని మైదానం పిల్లలు చేయగలరు, కానీ ఏ వాలు ఏ ఊటకు నీరిస్తుందో ఊళ్లోని ముసలాయనకే తెలుసు, ఆయన సవర భాషలో చెబుతాడు. మా పిల్లలే పార్వతీపురంలో, విజయనగరంలో, శ్రీకాకుళంలో కళాశాలల్లో ఉన్నారు. వచ్చే ప్రతి బృందంలో అలాంటి పిల్ల ఒకతె ఉంటే చాలు. ఆ పిల్ల ఏ కళాశాలలో ఉందో తెలియకపోవడమే ఇప్పటి ఇబ్బంది.


విజయనగరం పద్దు
మంగళవారం, మధ్యాహ్నం 12:40

నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను, పూర్తిగా కాదు. చింతపల్లి బాబు చెప్పిన అక్టోబరు లెక్క నన్ను ఆలోచింపజేసింది. ఎన్‌ఎస్‌ఎస్‌లో పిల్లలు జూలై, ఆగస్టుల్లో చేరితే, ఏడు రోజుల శిబిరం చాలాచోట్ల సంక్రాంతి అటూ ఇటూగా పెడతారు. అంటే తుపాను నెలకు ముందు వాళ్లకు నేర్పింది ఏమీ ఉండదు. శిబిరాన్ని తీర జిల్లాలవరకు సెప్టెంబరుకు జరపాలంటే విశ్వవిద్యాలయాల పరీక్షల తేదీలు కలవాలి, ఆ మాట చెప్పగలిగింది రాష్ట్రమే. ఈ ఒక్క పనికి పైనుంచి సమన్వయం కావాలని ఒప్పుకుంటాను.

కానీ లెక్క మాత్రం మారాలి. నాటిన మొక్కలు రాయడం మానేసి, మరుసటి మే నెలాఖరున బతికున్న మొక్కలే రాయాలి. రెండు వేసవులు దాటేవరకు నీళ్లు పోసేవారి పేరు, వారికి ఇచ్చే కూలి ఆ కాగితంలోనే ఉండాలి. వారికి ఊరికే సేవ చేయమని చెప్పడం నాకు సబబుగా తోచదు. విద్యార్థి ఒక్కరోజు వచ్చి నాటిన దానికి ఊళ్లోని మనిషి ఏడాదంతా బిందె మోయాలంటే ఆ బిందెకు విలువ కట్టవలసిందే. అలాగే తుపాను పనిలో గాయపడిన పిల్లవాడికి బీమా ఎవరు చేస్తారో కూడా ముందే తేలాలి. ఒక్కో సంఘం విడివిడిగా వెళితే బీమా కంపెనీ పట్టించుకోదు, రాష్ట్రమంతటి జాబితా ఒక్కటిగా వెళితే మాట వింటుంది.


ఆమదాలవలస మాస్టారు
బుధవారం, రాత్రి 8:25

అందరికీ కృతజ్ఞతలు. ప్రశ్న వేసినప్పుడు నా మనసులో ఉన్నది ఇసుకలో దొరికిన ఆ నల్ల సంచులే. మీ జవాబులు చదివాక, మొక్కల కంటే ముందు మనుషుల జాబితా సరిచేయాలని తోస్తోంది. రాష్ట్రం ఎప్పుడు కదులుతుందో చెప్పలేను కనుక, మనకు చేతనైనంత మేరకు మన్యంతో కలిపి మూడు జిల్లాల్లో మొదలుపెడదామని నా ప్రతిపాదన. మా యూనిట్ నూరుగురికీ ఈ వారమే ఒక కాగితం ఇస్తున్నాను. అందులో కళాశాల చిరునామా ఉండదు. అక్టోబరులో ఏ ఊళ్లో ఉంటావు, ఈత వచ్చా, సవర గానీ కువి గానీ ఒడియా గానీ మాట్లాడతావా, చెట్లు కోసే మిషను పట్టుకున్నావా అని నాలుగే ప్రశ్నలు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఇతర కళాశాలల్లో నాలాంటి బాధ్యులు నాకు తెలిసినవారు పదిమందికి పైగా ఉన్నారు, వారికీ ఇదే పంపుతాను.

గట్టుగారూ, మీ పాత శాఖ మిత్రుల సాయంతో మా మండలంలో గొలుసుకట్టు చెరువుల వరుస ఒక బొమ్మగా గీసి ఇవ్వగలిగితే, పిల్లలను ఏ చెరువు దగ్గర దింపాలో నాకు తెలుస్తుంది. గెడ్డ అవతలి సోదరీ, వచ్చే ఏడాదికి మాకు చింత, ఉసిరి మొక్కలు కలిపి ఐదు వందలు కావాలి. మీ సంఘానికి బయానా ఎంత పంపమంటారు? సంచులు మాత్రం మేమే వెనక్కి తెచ్చి ఇస్తాము, లెక్కపెట్టి.


వంశధార గట్టు
బుధవారం, రాత్రి 9:10

బొమ్మ గీసి ఇస్తాను. చెరువుల పేర్లు కాగితాల్లో ఒకటి, ఊళ్లో ఒకటి ఉంటాయి కనుక ఒక ఆదివారం నన్ను స్కూటరు మీద తిప్పడానికి ఒక కుర్రవాణ్ని పంపండి. మోకాళ్లు సహకరించడం లేదు.


ఉద్దానం కోడలు
గురువారం, ఉదయం 6:15

మాస్టారూ, మీ కాగితంలో మిషను పట్టుకున్నావా అన్న ప్రశ్న చూసి మా ఆయనతో మాట్లాడాను. తిత్లీ తర్వాత మేము నలుగురు రైతులం కలిసి కొనుక్కున్న మిషను మా పెరటి కొట్టులో ఉంది. వానాకాలం ముందు గొలుసుకు పదునుపెట్టించి, నూనె పోసి, రెండు గొలుసులు అదనంగా కొని ఉంచుతాము. సోంపేట, కంచిలి, మందస వైపు ఎవరికి అవసరమైనా తీసుకువెళ్లవచ్చు, పట్టడం రానివారికి మా ఆయన ఒక పూట నేర్పుతారు. కొట్టు తాళం మా అత్తగారి దగ్గర ఉంటుంది. ఆవిడ ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లరు, అక్టోబరులో అసలే వెళ్లరు.